బంతికీళ్ల బొమ్మలు: నేర్పు పుస్తకముల యెంపిక

కీలుబొమ్మ యను మాట తెలుగునకు క్రొత్తది కాదు. ఒరుల చెప్పుచేతలలో మెలగువానిని కీలుబొమ్మ యని యెత్తిపొడుచుచునే యుందుము. తోలుబొమ్మలాటలో భుజమునొద్దను మోచేతియొద్దను దారపుముడితో కూర్చిన తోలుముక్కలు దీపపు వెలుగున తెరపై కదలాడుట మీలో పెక్కుమంది కన్నులార చూచినదే. ఆ చేయి యాడుట నిజమే. కాని యొకే తలమునందు, పైకిని క్రిందికిని మాత్రమే యాడును. పట్టిన పుల్లను వదలినంతనే జాఱిపోవును. నేడు నేను ప్రస్తావింపబోవు బొమ్మ యట్టిది కాదు. దాని చేయి మన చేతివలెనే ముందునకును వెనుకకును ప్రక్కకును తిరుగును. త్రిప్పి విడిచినచోటనే నిలుచును. కూర్చుండబెట్టిన కూర్చుండును, నిలువబెట్టిన నిలుచును. దీనికి బంతికీళ్ల బొమ్మ యని పేరు పెట్టుకొందము. ఇట్టి బొమ్మలను చేయు విధమును నేర్పు పుస్తకములు జపాను, అమెరికా మొదలగు దేశములలో వెలువడినవి. వానిలో ఎట్టిదానిని కొనదగును, ఎట్టిదానిని విడువదగును అనునదియే నేటి ప్రసంగము.

ఈ సంగతి మాకేల యని పెద్దలు అనుకొనవచ్చును. పుస్తకము కోరువారు పిల్లలు, పైకమిచ్చువారు మీరు. పట్టణమున చదువుకొనుచున్న మనుమరాలు సెలవులకు వచ్చి, చేతిఫోనులో నొక బొమ్మను చూపి, "తాతయ్యా, ఈ పుస్తకమున్నచో దీనిని నేనే చేయగలను" అన్నప్పుడు ఔననుటయో కాదనుటయో మీ వంతగును. తీరికవేళల పనిచేయువారికి ఒక్క బొమ్మ ముగియుటకు నెలలు పట్టును. పుస్తకము చెడ్డదైనచో ఆ నెలలును, మట్టికిని రంగులకును పెట్టిన పైకమును వ్యర్థమగును. అంతకంటె ముఖ్యము, ఈ పనిలో వాడు కొన్ని సామగ్రులు ఊపిరికి ముప్పు తెచ్చునవి. ఆ సంగతి చెప్పని పుస్తకమును ఇంటిలోనికి రానీయరాదు.

కీలు నిర్మాణము తెలియక పుస్తకమును పరీక్షింపజాలము గనుక, మొదట దానిని చెప్పుదును. మన తుంటిని తలంచుకొనుడు. తొడయెముక తల గుండ్రని బంతివలె నుండును; అది కటియెముకలోని గిన్నెవంటి గుంటలో నమరి తిరుగును. బొమ్మయందును ఇంతే. తొడ పైకొనను బంతి, మొండెమునందు గిన్నె. ముంజేతి పైకొనను బంతి, దండచేయి క్రిందికొనను గిన్నె. మన దేహమున ఈ రెంటిని పట్టియుంచునవి కండరములును స్నాయువులును. బొమ్మకు అవి లేవు. దాని దేహమంతయు లోపల బోలుగా నుండును. ఆ బోలుగుండ సాగెడు రబ్బరుత్రాడొకటి తలనుండి పాదముల వరకును, మఱియొకటి యొక చేతినుండి రెండవ చేతివరకును పోవును. త్రాటి బిగువుచే బంతి గిన్నెలోనికి లాగబడును. ఆ యొరపిడిచేతనే చేయి పెట్టినచోట నిలుచును.

ఇక్కడ నొక సూక్ష్మము కలదు. పుస్తకముల మంచిచెడ్డలు చాలవఱకు దీనియందే బయటపడును. మోచేయి మడచునపుడు బంతి గిన్నెలో దొర్లును. దానితోపాటు త్రాడు దూఱు రంధ్రమును వెనుకకు పోవును. అప్పుడు త్రాడు బంతిని చుట్టి రావలసివచ్చి మఱింత బిగిసి, చేయి టక్కున తిన్నగా సాగిపోవును. దీనికి మందు, మడచు వైపునకు బంతిలో నొక గాడి చీల్చుట. త్రాడా గాడిలో జాఱి దగ్గఱ దారిని పట్టును. చేయి మడచినట్లే యుండును. గాడి మిక్కిలి వెడల్పైనచో బంతి బలము తగ్గును. గిన్నె సగము బంతికంటె లోతైనచో దాని యంచు అడ్డుకొని చేయి మడవనీయదు. లోతు చాలనిచో బంతి తొలగిపోవును. చూచుటకు అందమైన బొమ్మ నిలువలేక కూలబడుటకు కారణము ముఖముననో జుట్టుననో యుండదు; ఈ గాడియందును గిన్నెయందునే యుండును.

కదలు నవయవములుగల బొమ్మలు మిక్కిలి ప్రాచీనములు. 1889లో రోమునగరమున న్యాయస్థాన భవనమునకు పునాదులు త్రవ్వుచుండగా క్రెపెరేయా త్రిఫైనా అను యువతి సమాధి బయల్పడెను. అందు దొరకిన దంతపు బొమ్మకు భుజములు, మోచేతులు, తుంట్లు, మోకాళ్లు కదలును. అది క్రీస్తుశకము రెండవ శతాబ్దము నాటిది; అయితే దానివి చీలలతో కూర్చిన కీళ్లు, బంతికీళ్లు కావు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఫ్రాన్సు, జర్మనీ దేశములవారు కాగితపు గుజ్జును రంపపుపొట్టును జిగురుతో కలిపి దేహములు చేసి, కొయ్యబంతులను కీళ్లుగా నుంచి, రబ్బరుత్రాటితో బిగించి, పింగాణి తలలు పెట్టి విక్రయించిరి. జపానులో అంతకు ముందే, తుంటియొద్దను మోకాటియొద్దను చీలమండయొద్దను మడచి కూర్చుండబెట్టదగిన మిత్సుఓరె అను బొమ్మలుండెను. హాన్సు బెల్మరు అను జర్మను కళాకారుడు బెర్లిను మ్యూజియమునందలి 16వ శతాబ్దపు కొయ్య కీలుబొమ్మలను చూచి, 1935లో బంతికీళ్లతో పెద్దబొమ్మ నొకదానిని చేసి ఛాయాచిత్రములు తీసెను. 1965లో యొత్సుయా సైమన్ అను జపాను కళాకారుడా ఛాయాచిత్రముల నొక పత్రికలో చూచి, తన పద్ధతినే మార్చుకొనెను. 1999లో వోక్స్ అను జపాను సంస్థ రెసినుతో పోతపోసిన బొమ్మల నమ్మజొచ్చిన పిమ్మట ఈ బొమ్మలు పెక్కు దేశములకు ప్రాకెను.

ఒక్క ఛాయాచిత్రమును చూచి సైమన్ నేర్చెననుట విని, పుస్తకమెందులకు, ఫోనులోని బొమ్మలే చాలునని పిల్లలు వాదింపవచ్చును. ఆయన అప్పటికే బొమ్మలు చేయుటలో చేయితిరిగినవాడు. చేయితిరిగినవానికి చిత్రము సూచన. తిరుగనివానికి అది యాశ మాత్రమే. ఆయనయే 1978లో బొమ్మల పాఠశాలను స్థాపించి శిష్యులకు ప్రత్యక్షముగా నేర్పసాగెను.

కావున మొదటి విచక్షణ యిది: చిత్రసంపుటము వేఱు, నేర్పు పుస్తకము వేఱు. అంగడిలోను, ఫోనులోని పుస్తకముల పట్టికలోను రెండును పక్కపక్కనే యుండును. అట్టలును ఒకేరీతి నుండును. బెల్మరు 1934లో ప్రకటించిన బొమ్మపుస్తకము ఛాయాచిత్రముల సంపుటమే కాని నేర్పునది కాదు. అదియును గాక ఆయన చిత్రములు పిల్లల చేతికిచ్చునవి కావు. కళ యను పేరున్నంతమాత్రమున చూడకుండ తెప్పింపకుడు. నేర్పు పుస్తకమును గుర్తించుటకు నేనొక సులభమైన గుర్తు చెప్పుదును. చిత్రములలో చేతులు కనబడుచున్నవా? పనిచేయు వ్రేళ్లు, పట్టిన కత్తి, మట్టియంటిన గోళ్లు పుటపుటకును కనబడినచో అది నేర్పు పుస్తకము. పట్టుబట్టలు కట్టుకొని కిటికీ ప్రక్కన కూర్చున్న బొమ్మలే కనబడినచో అది చూచి సంతోషించుటకు మాత్రమే.

విద్యను దాచుట మనవారికిని తెలియనిది కాదు. 11వ శతాబ్దమునందలి భోజరాజు పేర ప్రసిద్ధమైన సమరాంగణ సూత్రధారమను వాస్తుగ్రంథమున, ముప్పదియొకటవ అధ్యాయము యంత్రవిధానము. మెడ, ముంజేయి, తొడ, వ్రేళ్లు మొదలగు వానిని వేర్వేఱు కొయ్యముక్కలుగా చేసి, రంధ్రములుంచి, సంధులయందు చీలలతో కూర్చి, పైన తోలు కప్పిన బొమ్మ యందు వర్ణింపబడినది. చదువువానికి చేయి ఊరును. కాని యా గ్రంథకర్తయే, యంత్రముల కూర్పును విప్పి చెప్పకపోవుట తెలియక కాదనియు, గోప్యముగా నుంచుటకే యనియు స్పష్టముగా చెప్పియున్నాడు. దానిని తప్పనను. గురువు ప్రక్కననున్న కాలమున గ్రంథము జ్ఞాపకమునకే గాని బోధకు కాదు. నేటి పుస్తకము మాత్రము గురువు స్థానమున కూర్చుందునని చెప్పుకొని వెల పుచ్చుకొనుచున్నది. అట్టిది దాచిన నది మోసము. కొందఱు బుద్ధిపూర్వకముగా దాతురు. పెక్కుమంది, తమకు సులభమైనది అందఱికిని సులభమేయని తలచి విడిచిపెట్టుదురు. కొనువానికి రెండును సమానమే.

పుస్తకము చేతికి వచ్చినప్పుడు మొదటి పుట చూడకుడు. మోకాటిని గూర్చిన పుటను వెదకుడు. అక్కడ కీలును నిలువున కోసి లోపలిభాగమును చూపిన పటమున్నదా? బంతి యే ముక్కకు చెందినది, గిన్నె యెంత లోతు, గాడి యే వైపునకు, త్రాడు యెందుండి యెందునకు పోవును అనునవి పటమున కనబడవలయును. బంతిమీద గరుకుకాగితము చుట్టి దానితోనే గిన్నెను అరగదీసినచో రెండును సరిగా నొదుగును. ఇట్టి కిటుకు లొకటిరెండైన కనబడవలయును. ముఖమునకు ముప్పది పుటలు, కీళ్లకు మూడు పుటలు కేటాయించిన పుస్తకము నాకు చూపినచో, అట్ట తిరుగవేసి యిచ్చివేయుదును.

తరువాత చూడవలసినది కొలతపటము. మన స్థపతులు ముఖమును తాళమను ప్రమాణముగా గ్రహించి, తొమ్మిది ముఖముల యెత్తు నవతాళమని దేహమంతయు కొలిచినట్లే, బొమ్మకును ముందువైపునుండి యొకటి, ప్రక్కనుండి యొకటి, రెండు పటములు అసలు పరిమాణమున నుండవలయును. చిన్నదిగా అచ్చువేసినచో ఎన్నిరెట్లు పెంచవలయునో వ్రాసియుండవలయును. ప్రక్కపటము లేని పుస్తకమును నమ్మి చేసిన బొమ్మకు రొమ్ము వీపు ఒకటై పలకవలె నుండును.

అటుపిమ్మట కుదింపు. తడిమట్టి ఆరినప్పుడు కొంత కుదియును. పింగాణి కాలినప్పుడు మిక్కిలి కుదియును. పింగాణి నూటికి 12 మొదలు 20 వంతుల వఱకు తగ్గుట కలదు. నూటికి 15 వంతులు తగ్గునదనుకొన్నచో 60 సెంటీమీటర్ల బొమ్మ కాలిన తరువాత 51 సెంటీమీటర్లే యగును. ఇందుమీద, అమర్చు గాజుకన్నులు కుదియవు, కనుగుంటలు కుదియును. ఈ లెక్క ముందుగా వేసికొననివాడు నెలలు శ్రమపడి చేసిన తలకు కన్నులు పట్టక విచారించును. కుదింపును అంకెలతో చెప్పని పుస్తకము అసమగ్రము. చెప్పినదానినైనను అట్లే నమ్మకుడు. చేతనున్న మట్టితో 100 మిల్లీమీటర్ల పట్టీ నొకదానిని చేసి, ఆరనిచ్చి, మరల కొలువుడు. 95 వచ్చినచో నూటికి 5 వంతులు తగ్గినదన్నమాట. ఈ పనికి ఒక పైసా ఖర్చులేదు.

ఇప్పుడు సామగ్రిని గూర్చి. ఏ పుస్తకమైనను ఒకానొక సామగ్రిని నమ్ముకొని వ్రాయబడును. ఆ సామగ్రి మీ యూర దొరకునా, దానికి కావలసిన పనిముట్లు అందునా యని చూడకయే కొనువారు పెక్కురు. రెండు ప్రసిద్ధ గ్రంథములను ఉదాహరణముగా తీసికొందము. మార్తా ఆర్మ్‌స్ట్రాంగ్-హాండ్ అను నామె మాటెల్ సంస్థలో శిల్పిగా పనిచేసి, పిమ్మట స్వయముగా బొమ్మలు చేసి పేరుపొందినది. 1999లో వెలువడిన ఆమె పుస్తకము, తన యొద్ద శిష్యరికము చేయువానికి చెప్పినట్లుగా వ్రాయబడినది. మలచుట, సున్నపు అచ్చులు తీయుట, పింగాణి పోతపోయుట యందలి విషయములు. గురువు మాట వినవలెనన్న కోరికగలవారికి మంచి గ్రంథము. అయితే పింగాణికి 1200 డిగ్రీలకు పైబడిన వేడిమి కావలయును. మన కుమ్మరి యావము సాధారణముగా 900 డిగ్రీలను దాటదు. విద్యుత్తు కొలిమి అందుబాటున లేనిచో, ఆ పుస్తకమున సగము చదువుకొనుటకే మిగులును.

రెండవది జపానుదేశపు యోషిదా ర్యో వ్రాసినది, 2006లో ప్రచురితము. అందు కాల్చు పని లేదు. మొదట పటమునుబట్టి థర్మోకోలుతో లోపలి గూడును చెక్కి, దానిపై రాతిపొడి కలిపిన మట్టిని రేకువలె కప్పి, గాలికి ఆరనిచ్చి, రెండుగా కోసి లోపలి గూడును తీసివేసి, మరల అతికి, పైన మట్టి చేర్చి చెక్కి నునుపుచేసి, కీళ్లయొద్ద కోసి బంతుల నమర్చు క్రమము నది చూపును. జపాను భాషలో నున్నది. అక్షరము తెలియని పుస్తకమును కొనుమని పండితుడు చెప్పుట వింతగా తోచవచ్చును. అయినను, ఈ విద్యయందు అడుగడుగునకు చిత్రము చూపిన పరభాషాగ్రంథము, చిత్రములు లేక మాటలు నిండిన పరిచితభాషాగ్రంథముకంటె మేలని నా యభిప్రాయము. అవసరమైనచోట ఫోనును పుటపై పట్టినచో అది కొంత అనువదించి చూపును. ఆ యనువాదములు నవ్వు పుట్టించునట్లున్నను, అంకెలు మాత్రము అంకెలే.

ఈ రాతిపొడి మట్టిని కొనలేనివారు మన కొండపల్లి పనివారిని తలంచుకొనవచ్చును. వారు తెల్లపొణికి కొయ్యతో చేసిన ముక్కలను చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి రూపు దిద్దుదురు. జపానులో ప్రాచీనకాలమునుండి బొమ్మలకు వాడిన ముద్దయు దీనికి చుట్టమే: పౌలోనియా కొయ్యపొట్టును గోధుమ పిష్టపు జిగురుతో కలిపి చేయుదురు, పైపూతకు ఆల్చిప్పల పొడిని తోలుజిగురుతో రంగరించి పెట్టుదురు. రెండు దేశములవారు ఒకరినొకరు చూడకయే ఒకే యూహకు వచ్చుట ముచ్చటైన సంగతి. అయితే ఒక ముద్దకు చెప్పిన కొలతలు మఱియొక ముద్దకు చెల్లవు. మక్కు వాడదలచినవారు పైన చెప్పిన పట్టీ పరీక్షను తప్పక చేయవలయును. కోస్తాసీమలో వానకాలమున ఏ ముద్దయైనను ఆలస్యముగా ఆరును, బూజు పట్టును. చలిదేశమున వ్రాసిన పుస్తకమున "రెండుదినములు" అని యున్నచోట మనము వారమని చదువుకొనవలసివచ్చును.

మట్టి పగులును. పగులని మట్టి లేదు. కావున పగిలిన ముక్క చిత్రమొకటియైనను పుస్తకమున నుండవలయును. పగులును కొంచెము వెడల్పుచేసి, తడిపి, మెత్తని ముద్దను కూరి, మరల ఆరనిచ్చుట దాని చికిత్స. ఇట్లే, నిలువని మోకాటికిని, వ్రేలాడు తలకును, కాలక్రమమున సాగిపోయిన రబ్బరుత్రాటికిని చికిత్సలు చెప్పవలయును. అన్నియు మొదటిసారియే కుదిరినట్లు చూపు పుస్తకము వంటయింటిలో ఎన్నడును మాడని గిన్నెవంటిది; నేను నమ్మను.

ఇక ఊపిరి మాట. ఆరిన మట్టిని గరుకుకాగితముతో రుద్దినప్పుడు లేచు ధూళిలో రాతిపొడి యుండును. పింగాణి మట్టియందును అంతే. రాతిక్వారీలలో ఏండ్లతరబడి పనిచేసినవారి ఊపిరితిత్తులకు పట్టు వ్యాధి మీరెఱుగనిది కాదు. ఒక్క బొమ్మతో నంత ముప్పు రాదు. కాని ఏండ్లతరబడి మూసిన గదిలో అదే పని చేయువారికి జాగ్రత్త తప్పదు. మంచి పుస్తకము నీటితో తడిపి రుద్దుమనును. పొడిగా రుద్దక తప్పనిచోట ధూళికై చేసిన ముక్కుతొడుగు వేసికొనుమనును. మూతికి చుట్టిన తువ్వాలు ఇందుకు చాలదు. రెసిను విషయమున మఱింత కచ్చితముగా నుండవలయును. రెండు ద్రవములను కలిపి పోయు పోలియురెథేను రెసినులో ఐసోసయనేటులను రసాయనములు కలవు. వాని యావిరి కొందఱికి ఉబ్బసము తెచ్చును. ఒకసారి పడనిదైన పిమ్మట అతికొంచెము తగిలినను ఆయాసము తిరుగబెట్టును. రెసిను పోతను నేర్పుచు, గాలి వచ్చిపోవు తావును, చేతితొడుగులను, ఆవిరికి తగిన ముక్కుతొడుగును పేర్కొనని పుస్తకమును ఎంత యందమైనదైనను కొననీయకుడు. పసిపిల్లలును, ఉబ్బసమున్న ముసలివారును గల యింటిలో రెసిను పనియే వలదని నా సలహా.

ఈ పరీక్షలన్నియు పుస్తకము చేతిలో నున్నగాని కుదరవు కదా యందురేమో. దూరమునుండి తెప్పించునపుడు అమ్మువారు చూపు విషయసూచికను అడిగి చూడుడు. కీళ్లకును త్రాడు కట్టుటకును వేర్వేఱు అధ్యాయములున్నవా యని వెదకుడు. లోపలిపుటలు నాలుగైదు చూపినచో వానిలో చేతులకై వెదకుడు. మొదటి పుస్తక మొక్కటే చాలును. మూడు పుస్తకములు తెచ్చుకొన్న విద్యార్థి మూడు పద్ధతులను కలిపి నాలుగవదానిని కల్పించి చెడగొట్టుకొనును.

పుస్తకము వచ్చినది. మనుమరాలు ముఖముతో మొదలుపెట్టుదునని తొందరపడును. అందఱును ముఖముతోనే మొదలుపెట్టగోరుదురు. మీరు మాత్రము ఒక్క మోచేతిని ముందు చేయుమనుడు. పెద్ద రేగుపండంత చెక్కబంతి యొకటి, మట్టితో రెండు గొట్టములు, ఒక గిన్నె, ఒక గాడి, మూరెడు రబ్బరుత్రాడు, త్రాటి చివరలకు రెండు కొక్కెములు. పుస్తకమున ఆ పుటను ఎదుట పెట్టుకొని చేయనిండు. ఆరుటకు వారము పట్టినను, అరగదీయుటకు ఒకపూట చాలును. ఆ చేయి సగము మడచి బల్లమీద పెట్టినపుడు పెట్టినట్లే యుండినచో, తక్కిన మట్టికి పైకమిచ్చుటకు వెనుదీయ నక్కఱలేదు. టక్కున సాగిపోయినచో, గాడిని గూర్చి ఆ పుస్తకమేమి చెప్పినదో మీరును ఆమెయు కలిసి మరియొకమాఱు చదువుడు.